అడుగువరస చూడకుండా కొన్న ఫోను కంపెనీ

ముప్పై దాటిన కొత్తలోనే నేను రిటైరయ్యాను. శాలువా కప్పలేదు, గడియారం ఇవ్వలేదు. మదనపల్లెలో మా షేర్ల ఆఫీసుకు వచ్చేవాళ్లంతా ఫోన్లలో యాప్ పెట్టుకుని రావడం మానేశారు. కొన్నాళ్లు చూసి మేమూ మానేశాం. ఆఖరి రోజు మా బాస్ కుళ్లాయప్ప సారు బోర్డు దించి, వెనకవైపు రేకు ఇంకా బాగానే ఉందని గమనించి, వాళ్ల బావమరిది విత్తనాల కొట్టుకు ఇచ్చేశారు. నా వీడ్కోలు సభ అదే.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, అనుభవంతో నాలుగు మాటలు చెప్పన్నా అంటారు. ఈ వయసుకే నన్ను అనుభవజ్ఞుడంటుంటే కాదనడం మర్యాద కాదు కాబట్టి రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. ఆఫీసులో ఉన్నది ఇద్దరం, అందులో ఒకరు బాస్. నాకు ప్రమోషన్ రావాలంటే ఆయన పోవాలి. ఆయన ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉండేది.

పని ఏమిటంటే

ఏ షేరు పెరుగుతుందో చెప్పడం మన పని అని మీరు అనుకుంటూ ఉంటారు. అది ఎవరికీ తెలీదు. తెలిసినవాడెవడూ ఎరువుల కొట్టు మీది గదిలో, ఒక రెక్క వంగిన ఫ్యాను కింద కూర్చోడు. మన పని, మనిషి ఒక నిర్ణయం చేసి దాని ఫలితం కోసం ఎదురు చూస్తున్నప్పుడు పక్కన కూర్చోవడం. మంగళవారం పుంగనూరులో, గురువారం కుప్పంలో, మిగతా రోజులు మదనపల్లెలో నేను చేసింది అదే. మధ్యలో బస్సుల్లో కూర్చున్నాను.

మొదట్లో ఎవరైనా "ఇది పెరుగుతాదా అప్పా?" అంటే నేను తెలీదని చెప్పేసేవాణ్ణి. కుళ్లాయప్ప సారు నన్ను లోపలికి పిలిచి, తెలీదనే మాట వచ్చీ రాగానే చెప్పకూడదని, ఎదుటి మనిషి టీ తాగినాక చెప్పాలని నేర్పారు. ఆయన మంచి బాస్. అబద్ధం చెప్పమని ఎప్పుడూ అనలేదు, నిజం చెప్పే వేళ మాత్రం ఆయనే ఎంచేవారు.

మాకు పైన బెంగళూరులో ఒక రీజినల్ మేనేజర్ ఉండేవాడు. ధర పెరిగినప్పుడు ఆయన ఈ వారం గురించి మాట్లాడేవాడు. ధర పడినప్పుడు రాబోయే పదేళ్ల గురించి మాట్లాడేవాడు. చూపు అంత తొందరగా దూరం పోయే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

రెడ్డెప్ప పాట

ఇప్పుడు చెప్పబోయేది ఒక్క కేసే. నా వృత్తిలో నేను ఏమైనా నేర్చుకుంటే దాని దగ్గరే నేర్చుకున్నాను. అది షేర్ల గదిలో కాదు, టమాటా యార్డులో మొదలైంది.

మదనపల్లె యార్డులో రెడ్డెప్ప వేలంపాట పాడతాడు. బి.కొత్తకోట నుంచి, గుర్రంకొండ నుంచి, పెద్దమండ్యం నుంచి వచ్చిన క్రేట్లను వరసగా పేర్చి ఉంచుతారు. రెడ్డెప్ప ఒక ఖాళీ క్రేటు బోర్లించి దాని మీద నిలబడి ధర పాడతాడు. కొనేవాళ్లు చుట్టూ నిలబడి పెంచుకుంటూ పోతారు. ఆయనకు సొంత మండీ లేదు, లారీ లేదు. గొంతు ఉంది, ఆ గొంతు మీద నమ్మకం ఉంది. సరుకు మొదటి రకం అని ఆయన అంటే అది మొదటి రకమే. ఆ నమ్మకం పోతే ఆయన కేవలం బోర్లించిన క్రేటు మీద నిలబడి అరిచే మనిషి.

యార్డులో ఒక పద్ధతి ఉంది. పాట ముగిసి ధర ఖాయమైనా, సరుకు బండెక్కే లోపు కొన్నవాడు క్రేటు తెరిచి అడుగువరస చూసుకోవచ్చు. పైవరస ఎప్పుడూ బాగుంటుంది. ఫోటోకు నిలబడిన పెళ్లివారిలా ఉంటుంది. అడుగున కాయ మెత్తబడి ఉంటే "వద్దు" అంటాడు. ఎవరూ కోప్పడరు. ఆ సరుకును మళ్లీ పాడతారు. డబ్బు అప్పటిదాకా కొన్నవాడి జేబులోనే ఉంటుంది.

కుప్పం వ్యాపారి మునిస్వామికి మాత్రం ఈ పద్ధతితో పని లేదు. ఆయన టెంపోలో టమాటా వేసుకుని తమిళనాడు వైపు పోతాడు. రెడ్డెప్ప పాడిన సరుకు ఆయన ఏనాడూ తెరిచి చూడలేదు. చేయి ఎత్తడం, ఎక్కించడం, వెళ్లిపోవడం. యార్డులో అందరికీ ఇది తెలుసు. రెడ్డెప్పకు ఇంకా బాగా తెలుసు.

ఫోను కంపెనీ

ఇంటర్నెట్ తీగ మీద నడిచే ఫోను ఒకటి యార్డులోకి వచ్చింది. చిన్న తెల్ల డబ్బా. ఒకే నంబరుకు చేస్తే మండీలోనూ ఇంట్లోనూ పొరుగూళ్లోనూ ఒకేసారి మోగుతుంది, ఎవరు ముందు ఎత్తితే వాళ్లది. కరెంటు పోతే మూడు చోట్లా ఒకేసారి చచ్చిపోతుంది. మునిస్వామి కుప్పంలో పెట్టించుకున్నాడు. పుంగనూరులో టమాటా నారు పెంచి అమ్మే లక్ష్మీదేవమ్మ నర్సరీకి, ఇంటికి కలిపి పెట్టించుకుంది. యార్డులో సగం మండీలకు ఆ డబ్బాలే.

ఆ కంపెనీ షేరు మార్కెట్టుకు వస్తోందని, తన ఫోను వాడేవాళ్లకు కొన్ని షేర్లు విడిగా ఉంచిందని తెలిసింది. బెంగళూరు మేనేజర్ పోస్టర్లు పంపాడు. తానే వచ్చి ఒక టమాటా చేత్తో పట్టుకుని ఫోటో దిగాడు. టమాటాకు, ఫోనుకు సంబంధం ఏమిటని నేను అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు.

రెడ్డెప్ప మా ఆఫీసుకు వచ్చాడు. షేరు అంటే ఏమిటో ఆయనకు తెలుసు, దీన్ని కొనే పద్ధతి ఏమిటో కావాలి. కుళ్లాయప్ప సారు ఓపిగ్గా చెప్పారు. దరఖాస్తు పెట్టాక డబ్బు మీ బ్యాంకులోనే ఆగి ఉంటుంది, షేర్లు వస్తేనే పోతుంది, తర్వాత ఒక రోజు మార్కెట్లో మొదటిసారి ధర తెరుస్తారు. రెడ్డెప్ప తలూపాడు.

మీరు కొత్తవాళ్లు కాబట్టి చెబుతున్నాను. మన వృత్తిలో ఎదుటి మనిషి తలూపితే భయపడాలి. ప్రశ్న అడిగేవాడికి ఏది తెలీదో మనకు తెలుస్తుంది. తలూపేవాడికి ఏం తెలిసిందో దేవుడికే తెలియాలి.

రెడ్డెప్పకు తెలిసింది ఇది: డబ్బు మన దగ్గరే ఉంటుంది, ఒక రోజు తెరుస్తారు, చూస్తాం. ఇదంతా ఆయనకు బాగా పరిచయమైన విషయమే. యార్డులోకి వెళ్లి అందరికీ చెప్పాడు. మొదటి రోజు ధర తెరిచినప్పుడు చూద్దాం, బాగుంటే ఉంచుకుందాం, బాగలేకుంటే వద్దందాం, పోయేదేమీ లేదు అని. మునిస్వామికి ఫోన్లో చెప్పాడు. లక్ష్మీదేవమ్మకు కబురు పంపాడు. వాళ్లు దరఖాస్తు పెట్టారు, హమాలీల్లో కొందరు వాళ్ల మండీ కనెక్షన్ చూపించి పెట్టారు. మా ఆఫీసుకు అంతమంది ఒకేసారి రావడం అదే మొదటిసారి. కుళ్లాయప్ప సారు ఫ్యాను రెక్క బాగు చేయించారు.

మొదటి రోజు

మొదటి రోజు ధర, అమ్మిన ధర కంటే కింద తెరుచుకుంది. తెరుచుకుని ఇంకా కిందికి నడిచింది. పరుగెత్తలేదు. పని లేనివాడు వాకింగుకు పోయినట్టు, మధ్యమధ్యలో ఆగుతూ పోయింది.

దానికి తోడు ఎవరికి షేర్లు వచ్చాయో చూపించే వెబ్‌సైటు మొరాయించింది. కొందరికి వచ్చినట్టు చూపించింది, కొందరికి వివరాలు లేవంది. నేను ఆ రోజు పుంగనూరులో ఉన్నాను. లక్ష్మీదేవమ్మ పేరుకు వివరాలు లేవని వచ్చింది. ఆమెకు ధర పడిన సంగతీ, తనకు రాని సంగతీ ఒకేసారి తెలిశాయి. అంత సంతోషం మా వృత్తిలో నేను ఎవరి మొహంలోనూ చూడలేదు. నర్సరీలో పనిచేసేవాళ్లందరికీ మైసూరుపాకు తెప్పించి పంచింది. నాకు రెండు ఇచ్చింది.

సాయంత్రానికి వెబ్‌సైటు కోలుకుంది. ఆమెకు అడిగినన్ని షేర్లూ వచ్చాయి. ఎవరూ కొననివి అందరికీ పూర్తిగా దొరుకుతాయి. అది కూడా మీరు గుర్తు పెట్టుకోండి.

"రెడ్డెప్పన్న వద్దనొచ్చు అన్యాడు గదా. వద్దని చెప్పు," అంది.

రెడ్డెప్ప అందరికీ ఏమని చెప్పాడో అప్పుడు తెలిసింది నాకు. తర్వాత మండీలో ఒక్కొక్కరూ అదే మాట అన్నారు, తేలిగ్గా, ఏదో మరిచిపోయిన పని గుర్తు చేసినట్టు.

వద్దనడానికి మనిషి లేడు

మర్నాడు పొద్దున, బుధవారం, పాట ముగించుకుని రెడ్డెప్ప ఆఫీసుకు వచ్చాడు. కంగారు లేదు. కుర్చీలో కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"సరే కుళ్లాయప్పా. తెరిసినారు, సూసినాం. అడుగు మెత్తగుండాది. మాకొద్దు. మళ్లా పాడమను."

సారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. బాగా తిరుగుతోంది.

"ఎవరిని పాడమనేది రెడ్డెప్పా?"

"అమ్మినోళ్లని."

"అట్ల లేదప్పా. షేరు నీ ఖాతాలో పడినప్పుడే నీదైపాయ. కావాలంటే ఇంగొగరికి అమ్ముకో, లేదంటే పెట్టుకో. వద్దని తిప్పి ఇచ్చేది లేదు."

రెడ్డెప్ప తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

"అంటే తెరవకముందే బండెక్కిచ్చేసినారా?"

"అట్లే అనుకో."

"దీనికి అందరూ ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటారు."

"సదువుకున్నోళ్లేనా?"

"శానామంది."

ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. కొనేవాడు అడుగువరస చూడకూడదనే నియమం ఒక పెద్ద మార్కెట్టుకు ఉంటుందని, దాన్ని అందరూ వరసలో నిలబడి ఒప్పుకుంటారని ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. నేను అప్పటికి ఏళ్ల తరబడి అదే పనిలో ఉండి కూడా, ఇది వింత అని ఎప్పుడూ అనుకోలేదు. కంపెనీ ముందే వివరాల పుస్తకం ఇస్తుందని, చదువుకుని పెట్టాలని చెప్పాను. నేను చదివానా అని అడిగాడు. అది చాలా లావు పుస్తకం అని చెప్పాను.

కాసేపటికి ఆయన అసలు మాటకు వచ్చాడు.

"నేను మాటిచ్చినాను. లక్ష్మీదేవికి, యార్డులో పనోళ్లకు. మునిస్వామికి."

మూడో పేరు దగ్గర కొంచెం ఆగాడు.

అమ్మిన కంపెనీనే అడుగుదామన్నాడు. యార్డులోని ఆ తెల్ల డబ్బా నుంచే కస్టమర్ కేర్‌కు చేశాం. కంపెనీ ఫోను మీద కంపెనీకి ఫోను చేస్తే, లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని కంపెనీయే చెప్పింది. పాట వినిపించింది. మా కాల్ వాళ్లకు చాలా ముఖ్యమట. చాలాసేపటికి ఒకమ్మాయి ఎత్తి, షేర్ల సంగతి తాము చూడమని మర్యాదగా చెప్పి, ఫోను పనితీరు గురించి ఏదైనా ఫిర్యాదు ఉందా అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు రెడ్డెప్ప. "ఫోను బాగుండాది. వచ్చిన చిక్కే అది."

గురువారం కుప్పంలో

గురువారం నేను కుప్పం వెళ్లాను. నేను దారిలో ఉండగానే బెంగళూరు మేనేజర్ మెసేజ్ పంపాడు, కస్టమర్లకు దీర్ఘకాలం గురించి చెప్పమని. పలమనేరు దాటాక ఆ మెసేజ్ రెండుసార్లు చదివాను. బస్సులో వేరే పని లేదు.

మునిస్వామి టెంపో కడిగిస్తున్నాడు. నేను జరిగింది చెప్పాను. వద్దనే వీలు లేదని చెప్పాను. ఆయన మధ్యలో అడ్డం రాలేదు. టీ ఇప్పించాడు. తెలీదనే మాట టీ తాగాక చెప్పాలన్న మా సారు సూత్రం అక్కడ పనికిరాలేదు. చెప్పాల్సింది ముందే అయిపోయింది.

"రెడ్డెప్పన్న సెప్పినాడు, పెట్టినా," అన్నాడు చివరికి. "నిన్ను నేను అడిగినానా? లేదు గదా. సరే, రేపు యార్డుకు వస్తాండా అని సెప్పు."

సాయంత్రం మదనపల్లెలో బస్సు దిగేసరికి రెడ్డెప్ప స్టాండులోనే ఉన్నాడు. ఏదో పని మీద వచ్చానన్నాడు. ఏం పనో చెప్పలేదు.

"ఏమన్యాడు?"

"రేపు వస్తానన్నాడు."

"ఎట్ల అన్యాడు?"

"మామూలుగానే."

"మామూలుగానా," అన్నాడు రెడ్డెప్ప. మునిస్వామి తిట్టి ఉంటే ఆయన ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోయేవాడు.

మధ్యలో ఒక మాట

ఈ కేసులో తప్పు ఎవరిదని పిల్లలు అడుగుతారు. కుళ్లాయప్ప సారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. రెడ్డెప్ప విన్నదాంట్లోనూ లేదు. ఆయన తన మార్కెట్టు పద్ధతితో మన మార్కెట్టును అర్థం చేసుకున్నాడు, అంతే. మనిషి కొత్తదాన్ని తనకు తెలిసిన పాతదాంట్లో పెట్టే అర్థం చేసుకుంటాడు. కాబట్టి మన వస్తువు గురించి మనం ఎంత బాగా చెప్పినా సగం పనే. మిగతా సగం, అతని మార్కెట్టు ఎలా నడుస్తుందో అడగడం.

ఆ తర్వాత నేను ప్రతి మనిషినీ ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: బాగలేకపోతే మీరు ఏం చేస్తారు? జవాబులు చాలా ఆసక్తిగా ఉండేవి. ఒకాయన మీ ఆఫీసు ముందు కూర్చుంటానన్నాడు. ఒకావిడ అసలు చూడనంది; చూడకపోతే అది అలాగే ఉంటుందట. పట్టు చీరలు అమ్మే ఒకాయన పండగ తర్వాత మారుస్తారు కదా అన్నాడు. అందరూ అప్పటిదాకా తలూపినవాళ్లే. ఈ ప్రశ్న వల్ల మా వ్యాపారం కొంత తగ్గింది. సారు ఒక్కసారి కూడా మానేయమనలేదు. బోర్డు వెనకవైపు బాగుందని అప్పటికే ఆయనకు తెలిసి ఉంటుంది.

శుక్రవారం మొదటి పాట

శుక్రవారం పొద్దున సారూ నేనూ యార్డుకు వెళ్లాం. మాకు అక్కడ పని లేదు. ఇద్దరం టమాటా కొనడానికి వచ్చినట్టు నిలబడ్డాం, ఎవరూ నమ్మలేదు.

గుర్రంకొండ సరుకు మొదట ఉంది. చుట్టూ ఎప్పటికన్నా ఎక్కువమంది చేరారు. షేర్లు పెట్టిన హమాలీలు కొక్కేలు భుజాలకు తగిలించుకుని ఒక వైపు నిలబడ్డారు. నారు డబ్బులు వసూలు చేసుకునే వంకతో లక్ష్మీదేవమ్మ పుంగనూరు నుంచి వచ్చింది. మునిస్వామి వెనక నిలబడి ఉన్నాడు. ఆయన ఎప్పుడూ నిలబడేది ముందు.

రెడ్డెప్ప క్రేటు బోర్లించి ఎక్కాడు. పాట ఎత్తుకోలేదు.

"నేను ఒగ మాట చెప్పినా మీకు, ఫోను కంపెనీ గురించి," అన్నాడు. "తెరిసి సూసి వద్దనొచ్చు అని. ఆ మార్కెట్లో అట్లాంటిది లేదంట. తెలీక చెప్పినా. నాకు తెలీదని గూడా తెలీక చెప్పినా."

గొంతు పాట గొంతే. మూలనున్నవాళ్లకూ వినబడింది. లక్ష్మీదేవమ్మ ఒక్కతే, సరేలే అన్నా, ఎండ ఎక్కుతాండాది, పాడు అంది. షేర్లు అమ్ముదామా ఉంచుదామా అని ఆమె అప్పటికే నాతో మాట్లాడి, ఉంచేసింది. రెడ్డెప్పను దాని గురించి ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. నన్ను మాత్రం ఆ మైసూరుపాకు డబ్బులు ఎవరిస్తారని చాలాసార్లు అడిగింది.

రెడ్డెప్ప మొదటి ధర పాడాడు. ఎప్పుడూ దాని మీద చేయి ఎత్తేది మునిస్వామి. ఆయన చేయి ఎత్తలేదు. వేరేవాళ్లూ ఎత్తలేదు, ఆయన ఏం చేస్తాడో చూస్తున్నారు. రెడ్డెప్ప అదే ధర మళ్లీ పాడాడు. మూడోసారి పాడాల్సి వస్తే ఏమవుతుందో నాకు తెలీదు. కుళ్లాయప్ప సారు నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆయనకు నా మోచెయ్యి అని తెలిసి ఉండదు.

మునిస్వామి జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చాడు. చివరి వరసలో ఒక క్రేటు కిందికి దించి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. పైవరస కాయలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాడు. తర్వాతి వరస తీశాడు. చెయ్యి మోచేతి దాకా పెట్టి అడుగున తడిమాడు. ఇన్నేళ్లలో రెడ్డెప్ప సరుకును ఆయన తెరవడం అదే మొదటిసారి, అది కూడా పాట ముగియకముందే. కాయలన్నీ మళ్లీ ఉన్నట్టే పేర్చాడు, ఎర్రవి పైకి వచ్చేలా. లేచి, చేతులు దులుపుకుని, ధర చెప్పాడు. రెడ్డెప్ప పాడినదే.

రెడ్డెప్ప ఆ ధర అందుకుని పాట ముందుకు నడపాలి. నడపలేదు.

"ఇంగొగటి తెరుస్తావా?" అన్నాడు.

"సాలన్నా."

"ఉండప్పా. నేనే తెరుస్తా."

పాట మధ్యలో ఆయన క్రేటు దిగడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. దిగాడు. వరస మధ్యలోంచి ఒక క్రేటు తనే లాగి, ఆలోచించకుండా, గోనె పట్టా మీద మొత్తం బోర్లించాడు. కాయలు దొర్లాయి. అన్నీ గట్టిగా ఉన్నాయి. అడుగున ఉన్నవాటిలో ఒక్కటి మెత్తబడి ఉంది. రెడ్డెప్ప దాన్ని వేళ్లతో ఎత్తి, అందరికీ కనిపించేలా పక్కన పెట్టాడు. మళ్లీ క్రేటు ఎక్కి, మునిస్వామి చెప్పిన ధర దగ్గర పాట అందుకున్నాడు.

మునిస్వామి చేయి ఎత్తాడు.